అందెశ్రీ గారి నుంచి మన ఊరి లైన్‌మన్ దాకా: ఈ మధ్య మనల్ని విడిచి వెళ్ళినవాళ్ళ గురించి రాద్దాం

చౌరస్తా | 11 నవంబర్ 2025, ఉదయం 6:40

నిన్న అందెశ్రీ గారు పోయారన్న వార్త చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అరవై నాలుగేళ్ళు పోయే వయసా? పసులు కాసిన మనిషి, తాపీ పని చేసిన మనిషి, బడిలో కూర్చుని చదువుకోని మనిషి. అలాంటాయన రాసిన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమం రోజుల్లో మా కాలేజీ ముందు టెంటు కింద రోజూ మోగేది. ఆ పాట అయ్యాకే ఎవరైనా మైకు పట్టుకునేవాళ్ళు. 2024లో అది రాష్ట్ర గీతం అయింది. ఇప్పుడు మా పాప బడిలో పాడుతోంది. ఎవరు రాశారో తెలుసా అంటే తెలియదంది. రాత్రి కూర్చోబెట్టి చెప్పాను.

నా ఫోన్ నిండా 'ఓం శాంతి', చేతులు జోడించిన బొమ్మలే. నేనూ అదే పెట్టాను. పెట్టాక తృప్తి లేదు. ఆ మనిషి ఏం చేశాడో ఒక్క ముక్క కూడా రాయలేదు కదా అనిపించింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఈ నాలుగైదేళ్ళలో పోయిన కళాకారులు, ప్రజల పని చేసినవాళ్ళ గురించి మీకు తెలిసింది రాయండి. రెండు వాక్యాలైనా చాలు. ఆ మనిషి చేసిన పని అందులో కనిపించాలి.

బెజవాడ బాబాయ్ | 11 నవంబర్, ఉదయం 8:15

మంచి పని మొదలుపెట్టావు తమ్ముడూ. నేను కోట శ్రీనివాసరావు గారి గురించి రాస్తాను. మాకు కూతవేటు దూరంలోని కంకిపాడు ఆయనది. ఈ ఏడాది జులై 10కి 83 నిండాయి, 13న పోయారు. ఆ మర్నాడే బెంగళూరులో బి. సరోజాదేవి గారు. రెండు రోజుల్లో రెండు కబుర్లు. ఇంట్లో టీవీ కట్టేశాను.

స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసిన మనిషి. 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకి వచ్చారు. 1985లో 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసలో మాట్లాడుతుంటే హాల్లో జనం ఊపిరి బిగబట్టి చూశారు. కృష్ణా జిల్లా మనిషి ఆ యాసను అంత సొంతంగా ఎలా పలికాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. రెండేళ్ళు తిరక్కుండానే 'అహ నా పెళ్ళంట'లో పిసినారి లక్ష్మీపతి. దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే ఆ సీను గుర్తురానివాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారా? ఆ భయమూ ఆ నవ్వూ ఒకే మొహంలోంచి వచ్చాయి.

1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే అయ్యారు. మాది ఆ నియోజకవర్గమే. తెర మీద మనల్ని అంత భయపెట్టిన పేరు ఓటు వేసే చోట కనబడితే వింతగా ఉండేది. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే ఇంకో పదేళ్ళు ముందే ఇవ్వాల్సింది.

తెలుగు పంతులమ్మ | 11 నవంబర్, మధ్యాహ్నం 1:05

బాబాయ్ గారూ, కోట గారి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. 2023 ఉగాదికి ముందు రోజు ఆయన చనిపోయారని పుకారు లేపారు గుర్తుందా? పాపం, ఆ పెద్దాయన 'నేను బతికే ఉన్నాను' అని వీడియో తీసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషికి పండగ పూట ఎంత క్షోభ! ఆ రోజు మా స్టాఫ్ రూమ్ గ్రూపులో ఆ పుకారును ముందుకు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ వీడియో చూశాక సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను. అప్పటి నుంచి కుటుంబం గానీ ఆస్పత్రి గానీ చెప్పేదాకా ఎవరి గురించీ ఒక్క అక్షరం పంపడం లేదు.

మనిషి పోయాడని ముందుగా చెప్పడం వల్ల మనకు వచ్చే గొప్ప ఏమీ లేదు. అరగంట ఆగుదాం.

మోడరేటర్ | 11 నవంబర్, మధ్యాహ్నం 1:40

పంతులమ్మ గారి మాటనే ఇక్కడి నియమంగా పెడుతున్నాను. ఖాయమైన వార్త అయితేనే రాయండి. ఆఖరి రోజుల ఆస్పత్రి ఫొటోలు, పాడె ఫొటోలు పెట్టవద్దు. పెడితే తీసేస్తాను.

పల్లెపాట | 11 నవంబర్, రాత్రి 9:30

సినిమా పెద్దవాళ్ళ గురించి అందరూ రాస్తారు. నేను ఇద్దరి గురించి రాస్తాను.

మొదట పస్తం మొగిలయ్య గారు. 'బలగం' సినిమా చివర్లో భార్య కొమురమ్మ గారితో కలిసి పాడినాయన. బుడగజంగాల కళాకారులు వాళ్ళు. వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు ఊళ్ళల్లో ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు నిలబడి, పోయిన మనిషి కథను పాటగా కట్టి పాడటమే వాళ్ళ వృత్తి. ఒకసారి ఆలోచించండి. నివాళి రాయడం ఎలాగా అని మనమిక్కడ తన్నుకుంటున్నాం. ఆయన జీవితమంతా చేసిన పనే అది! చనిపోయినాయన ఎవరికి ఏం చేశాడో, ఎవరితో ఎందుకు మాట పడిందో అన్నీ కనుక్కుని, ఆ ఇంటివాళ్ళ పేర్లు పెట్టి పాడతారు. పాట అయ్యేసరికి పగవాళ్ళు కూడా ఏడుస్తారు. మా పెదనాన్న పోయినప్పుడు ఇలాగే వేరే జంట వచ్చి పాడితే, పదేళ్ళుగా మాటల్లేని మా బాబాయి వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. సినిమాలో చూపించింది కల్పన అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

2023లో సినిమా వచ్చింది, దేశమంతా పేరు తెలిసింది. అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి, చూపు పోతోంది. సాయం చేసినవాళ్ళు చేశారు. 2024 డిసెంబర్ 19న పోయాడు.

రెండో ఆయన సకిని రామచంద్రయ్య గారు. మణుగూరు వైపు డోలి కోయ కళాకారుడు. కోయ ఇంటిపేర్ల చరిత్ర, సమ్మక్క సారలమ్మ కథ అన్నీ ఆయన నోటి మీదే ఉండేవి. పుస్తకంలో రాసుకున్నది లేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో పోయారు. ఆయనతో పాటు ఎన్ని ఇంటిపేర్ల కథలు పోయాయో లెక్క ఎవరి దగ్గరుంది? ఈ ఒక్క విషయం నన్ను నిద్రపోనివ్వదు. పోయాక దండ వేయడం కంటే బతికుండగా ఫోన్‌లో రికార్డు పెట్టి ఎదురుగా కూర్చోవడం వెయ్యి రెట్లు నయం. మీ ఊళ్ళో ఇలాంటి పెద్దలు ఉంటే ఈ ఆదివారమే వెళ్ళండి.

రేడియో అభిమాని | 12 నవంబర్, ఉదయం 5:50

పల్లెపాట గారు రాసింది చదివి గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు గుర్తొచ్చారు. ఈ మార్చి 9న తిరుపతిలో పోయారు. 'వినరో భాగ్యము విష్ణు కథ' అనగానే ఆయన గొంతే వినిపిస్తుంది నాకు.

ఆయన చేసిన పని ఎంత పెద్దదో చాలామందికి తెలియదు. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడేవారో మాత్రం లేదు. స్వరం ఎక్కడా రాసి లేదు, బాణీ పోయింది. అంటే ఇవాళ మనం పాడుకుంటున్న బాణీల్లో ఎక్కువ భాగం మన కాలంలో కట్టినవే. గరిమెళ్ళ గారు ఒక్కరే ఆరు వందలకు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానంలో ఉద్యోగం చేస్తూ కట్టారు. ఉద్యోగి అంటే ఫైలు మీద సంతకం పెట్టేవాడే కాదు, అయిదు వందల ఏళ్ళ కింద ఆగిపోయిన పాటను మళ్ళీ నోళ్ళలోకి తెచ్చినవాడు కూడా. మా అమ్మ వంటింట్లో కూనిరాగం తీసే పాట వందల ఏళ్ళుగా అలాగే వస్తోందని అనుకునేవాణ్ణి. కట్టినాయన ఇంతకాలం మన మధ్యే తిరిగారని ఆలస్యంగా తెలిసింది.

బెజవాడ బాబాయ్ | 12 నవంబర్, ఉదయం 10:20

కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం చేస్తూ కళను పట్టుకున్నవాళ్ళ వరస మనకు చాలా పెద్దది. కోట గారు బ్యాంకు, గొల్లపూడి మారుతీరావు గారు ఆకాశవాణి, జయప్రకాష్ రెడ్డి గారు బడిలో టీచరు. సీమ యాసను తెర మీద ఊపిన జయప్రకాష్ రెడ్డి గారు 2020 సెప్టెంబర్ 8న గుంటూరులో పోయారు. కోవిడ్ రోజులు, వెళ్ళి చూసే వీలు లేకపోయింది. అదే నెల 25న బాలు గారు. ఆ నెల గురించి నేను రాయలేను. ఎవరైనా రాయండి.

ఇంకో సంగతి. 2022 సెప్టెంబర్ 11న కృష్ణంరాజు గారు, నవంబర్ 15న కృష్ణ గారు, డిసెంబర్ 23న కైకాల సత్యనారాయణ గారు, 2023 జనవరి 27న జమున గారు. అయిదు నెలలు తిరక్కుండా నలుగురు. నలుగురూ లోక్‌సభలో కూర్చున్నవాళ్ళే. కృష్ణ గారు ఏలూరు, కైకాల మచిలీపట్నం, జమున గారు రాజమండ్రి, కృష్ణంరాజు గారు కాకినాడ, ఆ తర్వాత నరసాపురం. మా తరం సినిమా పోస్టరూ ఓటరు చీటీ కలిసి వెళ్ళిపోయినట్టు అనిపించింది ఆ చలికాలం.

తెలుగు పంతులమ్మ | 12 నవంబర్, సాయంత్రం 6:10

బాలు గారి గురించి నేను రాస్తాను బాబాయ్ గారూ. పాటల గురించి కాదు, 'పాడుతా తీయగా' గురించి. చిన్నపిల్ల 'శ'ను 'స' అని పలికితే ఆయన పాట అయ్యేదాకా ఆగి, ముందు మెచ్చుకుని, తర్వాత ఆ ఒక్క అక్షరాన్ని తను పలికి చూపించేవారు. పిల్ల మొహం చిన్నబోయేది కాదు. ఉచ్చారణ దిద్దడం నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు, ఆయన్ని చూసి నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా క్లాసులో అలాగే దిద్దుతున్నాను. ఆయన పోయిన మర్నాడు ఆన్‌లైన్ క్లాసు. పాఠం చెప్పలేక పిల్లలనే తలా ఒక పల్లవి పాడమన్నాను. నలభై మందిలో ఒక్కరు కూడా పాడటానికి తడుముకోలేదు.

నైట్ డ్యూటీ | 13 నవంబర్, తెల్లవారుజామున 3:25

నేను నర్సుని. సినిమాల గురించి అంతగా తెలియదు. సురవరం సుధాకర్ రెడ్డి గారి గురించి రాయాలని ఉంది. సీపీఐ ప్రధాన కార్యదర్శిగా చేశారు, నల్గొండ నుంచి 1998లో, 2004లో ఎంపీగా గెలిచారు. ఈ ఆగస్టు 22న పోయారు. కర్నూలులో బడి పిల్లాడిగా ఉన్నప్పుడే బ్లాక్‌బోర్డులు, చాక్‌పీసులు కావాలని సమ్మె చేయించారట. చిన్నప్పుడు బడి కోసం కొట్లాడిన మనిషి, చివరికి తన శరీరాన్ని కూడా చదువుకే ఇచ్చారు. గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కిందటేడు సెప్టెంబర్‌లో సీతారాం ఏచూరి గారు ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చినట్టే.

వాళ్ళ రాజకీయం మీకు నచ్చినా నచ్చకపోయినా, ఈ నిర్ణయం విలువ మాకు తెలుసు. మొదటి సంవత్సరం మెడికల్ విద్యార్థి ముట్టుకునే మొదటి శరీరం చాలాసార్లు ఇలా ఇచ్చినవాళ్ళదే.

చాలామంది మాట అనుకుని కూడా చివరి నిమిషంలో టెన్షన్ పడి ఆగిపోతారు. అందుకే తెలిసింది చెప్తున్నాను. దేహదానానికి ముందుగా కాలేజీ అనాటమీ విభాగంలో పత్రం నింపి పెట్టుకోవచ్చు. కానీ ఆ రోజు కుటుంబం ఒప్పుకుని ఫోన్ చేస్తేనే జరుగుతుంది. కాబట్టి ఇంట్లో బతికుండగానే చెప్పి ఉంచాలి. పోస్ట్‌మార్టం అయిన శరీరాన్ని, కొన్ని అంటువ్యాధులు ఉన్నవాళ్ళ శరీరాన్ని తీసుకోరు. కళ్ళు అయితే ఆరు గంటల్లోపు తీయాలి. వాళ్ళు వచ్చేదాకా కళ్ళు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి, ఫ్యాన్ ఆపేయండి. షుగరు ఉన్నా, కళ్ళజోడు పెట్టుకున్నా ఇవ్వవచ్చు.

అడవిదారి | 13 నవంబర్, మధ్యాహ్నం 12:50

నాకు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారిని తలుచుకోవాలని ఉంది. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, నాటిన మొక్కలను కాపాడబోయి పోడు భూమి గొడవలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఇంకో తొమ్మిది రోజుల్లో మూడేళ్ళు. నేను అదే శాఖలో చిన్న ఉద్యోగిని. మేము అడవిలోకి వెళ్ళేటప్పుడు చేతిలో ఉండేది కర్ర, జేబులో విజిల్. ఆ వార్త వచ్చిన రోజు మా ఆవిడ నా యూనిఫాం ఉతికి ఆరేస్తూ ఏడ్చింది. సెప్టెంబర్ 11న అటవీ అమరుల దినం జరుపుతాం. పేపర్లో ఒక మూలకు వస్తే గొప్ప.

పల్లెపాట | 13 నవంబర్, రాత్రి 8:05

అన్నా, ఆయన చావు అన్యాయం. అందులో రెండో మాట లేదు. ఒకటి మాత్రం చెప్పనివ్వు. పోడు గొడవలో అటు ఉన్నవాళ్ళు కూడా తిండి గింజల కోసం ఆ నేలను నమ్ముకున్నవాళ్ళే. ఇద్దరు చేసిన హత్యకు గూడెం మొత్తాన్ని తిట్టే పోస్టులు ఆ రోజుల్లో చాలా చూశాను. నివాళి పేరుతో అలా జరగకూడదు.

అడవిదారి | 13 నవంబర్, రాత్రి 9:15

ఒప్పుకుంటాను. నాతో పనిచేసే బేస్ క్యాంపు కుర్రాళ్ళలో సగం మంది ఆ గూడేల పిల్లలే. ఎండాకాలం నిప్పు అంటుకుంటే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేది వాళ్ళే. నేను ఎవరినీ తిట్టడానికి రాయలేదు. ఆ అధికారి పేరు ఒకచోట ఉండాలని రాశాను.

అడవి మాట వచ్చింది కాబట్టి వనజీవి రామయ్య గారిని కూడా తలుచుకుందాం. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి. జీతం లేదు, హోదా లేదు, కోటికి పైగా మొక్కలు నాటారని చెప్తారు. 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన పలక మెడలో వేసుకుని, సంచి నిండా గింజలతో తిరిగేవారు. ఖాళీగా కనబడ్డ కాలువ గట్టు మీదల్లా విత్తేవారు. 2017లో పద్మశ్రీ, ఈ ఏప్రిల్ 12న పోయారు. మా శాఖ ఇంత సిబ్బందితో చేసే పనిని ఒక్క మనిషి భుజాన వేసుకున్నాడు. నాటడం సులువే, మొదటి రెండు ఎండాకాలాలు బతికించడమే కష్టం. ఆయన నీళ్ళు మోసి మరీ బతికించారు.

రేడియో అభిమాని | 14 నవంబర్, సాయంత్రం 7:00

ఈ తేదీకి ఈ గంటకు రాయాలని ఆగాను. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు చదివింది శాంతిస్వరూప్ గారు. సరిగ్గా నలభై రెండేళ్ళు.

ఆ తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, పిల్లల కోసం రాస్తున్నాను. మొదటి పదేళ్ళు ఆయన ముందు టెలిప్రాంప్టర్ లేదు. అంటే చదవాల్సిన అక్షరాలు కెమెరా దగ్గర కనబడవు. కాగితాలు చేతిలో ఉంటాయి. ముందే కంఠస్థం చేసుకుని, మధ్య మధ్యలో కాగితం వైపు ఒక చూపు చూసి, మళ్ళీ తల ఎత్తి మన కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. ఎంత పెద్ద దుర్ఘటన అయినా గొంతు పెంచేవారు కాదు. మా వీధిలో ఒక్క టీవీ. అరుగు మీద ముప్పై మందిమి. మా తాత వార్తలు అయిపోగానే 'నమస్కారం' అని తిరిగి చేతులు జోడించేవాడు. తెరలోంచి పెట్టిన నమస్కారానికి బదులు ఇవ్వకపోతే మర్యాద కాదని ఆయన నమ్మకం.

ఉద్యోగం చేస్తూనే నవలలు రాశారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ఒకటి రాశారు. బహుశా ఆ వార్తను గొంతు పెంచకుండా చదివిన మనిషికి లోపల మిగిలిపోయింది అక్కడ బయటికి వచ్చిందేమో. 2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్ 5న పోయారు. ఆ రోజు నేను టీవీ ముందు కూర్చుని మా తాతలాగే నమస్కారం పెట్టాను.

కోనసీమ కుర్రాడు | 15 నవంబర్, రాత్రి 11:40

నాలుగు రోజులుగా అందరి పోస్టులు చదువుతున్నాను. అడగాలంటే మొహమాటంగా ఉంది. పేరు లేనివాళ్ళ గురించి రాయవచ్చా? మా నాన్న లైన్‌మన్. ఈ నెల 6న పోయారు. ఆయన గురించి ఏ పేపర్లోనూ రాలేదు.

మోడరేటర్ | 15 నవంబర్, రాత్రి 11:52

రాయండి తమ్ముడూ. తప్పకుండా రాయండి.

బెజవాడ బాబాయ్ | 16 నవంబర్, ఉదయం 6:30

బాబూ, నాన్నగారు ఏం పని చేసేవారో వివరంగా రాయి. స్తంభం ఎక్కడం తప్ప మాకేమీ తెలియదు.

కోనసీమ కుర్రాడు | 16 నవంబర్, ఉదయం 9:45

ధన్యవాదాలు అండి. నాన్న ఎలక్ట్రిసిటీ బోర్డు రోజుల్లో చేరారు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకోవాలి, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపించాలి. ఎవరు ఎంత తొందరపెట్టినా అది లేకుండా ఎక్కేవారు కాదు. తర్వాత లైన్‌కి ఎర్త్ వేసి, అప్పుడు పైకి. జనం కింద నిలబడి తిట్టేవాళ్ళు, ఇంకెంతసేపు అని. నాన్న పైనుంచి 'ఇదిగో అయిపోయింది అమ్మా' అనేవారు. ముప్పై రెండేళ్ళు ఆ ఒక్క మాటే.

1996 నవంబర్ 6 రాత్రి తుఫాను. మా కోనసీమ మొత్తం కొబ్బరిచెట్లు పడి తీగలు నేల మీద. నాకప్పుడు ఆరేళ్ళు. మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. తెల్లారగానే నాన్న మమ్మల్ని పక్క డాబా ఇంట్లో దించి డ్యూటీకి వెళ్ళారు, నెల దాకా సరిగ్గా ఇంటికి రాలేదు. ముందు ఆస్పత్రి, తర్వాత మంచినీళ్ళ ట్యాంకు, ఆ తర్వాత ఊళ్ళు. మా వీధిలో కరెంటు అందరికంటే ఆఖర్న వచ్చింది. లైన్‌మన్ ఇల్లు ఉన్న వీధికి ముందు ఇస్తే నలుగురూ ఏమంటారు అన్నారట అమ్మతో. లైటు వెలిగినప్పుడు అమ్మ ఏడ్చింది, నాకు అదే గుర్తు.

అదే తేదీన పోయారు నాన్న. సరిగ్గా ఇరవై తొమ్మిదేళ్ళకు.

చౌరస్తా | 16 నవంబర్, ఉదయం 10:10

తమ్ముడూ, మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా పాప అడుగుతోంది, నాన్నగారు చీకట్లో స్తంభం ఎలా ఎక్కేవారని.

కోనసీమ కుర్రాడు | 16 నవంబర్, ఉదయం 10:35

పాపకు చెప్పండి అన్నా, టార్చిలైటు మెడకు తాడుతో కట్టుకుని ఎక్కేవారు. ఆ టార్చి ఇప్పటికీ పనిచేస్తుంది, మా పూజగదిలో ఉంది. ఇవాళ పదకొండో రోజు. మీరందరూ రాసింది మా బావ ప్రింట్ తీసుకొస్తున్నాడు, సాయంత్రం అమ్మకు చదువుతాను.